పార్కిన్సన్స్‌లో నడుము నొప్పి, కీళ్ళ నొప్పులు: ముందు గడియారం చూడండి, తర్వాతే నొప్పి బిళ్ళ

పార్కిన్సన్స్ అంటే చెయ్యి వణకడం, నడక నెమ్మదించడం, అంతే అనుకుంటారు చాలామంది. నొప్పి సంగతి ఎవరూ ఎత్తరు. ఇంట్లో ఈ జబ్బున్న మనిషి ఉంటే మాత్రం తెలుస్తుంది, వణుకు గురించి చెప్పేదానికంటే నడుము గురించి, భుజం గురించి, పొద్దున్నే పాదం మెలిక పడిపోవడం గురించే ఎక్కువ చెప్తారు. 1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి మొదటిసారి రాసినప్పుడే వాతం నొప్పుల లాంటివి వస్తున్నాయని రాశాడు, అయినా ఇప్పటికీ డాక్టరు గదిలో నొప్పి మాట చివర్లో, లేచి వచ్చేసేటప్పుడు వస్తుంది.

ఒడిశాలో మా బరంపురం, ఛత్రపురం వైపైనా, ఇటు ఇచ్ఛాపురం, సోంపేట వైపైనా, 60 దాటిన మనిషి నడుము పట్టేసిందంటే "వయసు కదా" అనీసి వదిలేస్తారు, లేదంటే మెడికల్ షాపులో అడిగి రెండు బిళ్ళలు తెచ్చేస్తారు. పార్కిన్సన్స్ ఉన్న మనిషి విషయంలో ఈ రెండూ వద్దండి. ఎందుకో, దాని బదులు ఏం చెయ్యాలో చెప్తాను. నేను డాక్టర్ని కాదు, నాన్నగారిని చూసుకుంటున్న కూతుర్ని, మందు డోసులు మార్చడం మీ న్యూరాలజిస్టు పని, నేను చెప్పేది ఇంట్లో మనం చెయ్యగలిగింది, డాక్టర్ని ఏం అడగాలన్నది.

ముందు ఏ నొప్పో తేల్చుకోండి

పార్కిన్సన్స్‌లో వచ్చే నొప్పుల్ని డాక్టర్లు మామూలుగా ఐదు రకాలుగా విడదీస్తారు. కండరాలు, కీళ్ళ నొప్పి ఒకటి, అందరికంటే ఎక్కువగా కనపడేది ఇదే. నరం నొక్కుకుని కాల్లోకో చేతిలోకో లాగే నొప్పి రెండోది. కండరం మెలిక పడిపోయి వచ్చేది మూడోది, దాన్ని డిస్టోనియా అంటారు. మెదడులోనే పుట్టే మంట, పోట్లు నాలుగోది, ఒక చోట అని చూపించలేరు. ఐదోది కుదురుగా కూర్చోలేని, పడుకోలేని ఒక రకం బాధ. ఒకే మనిషికి రెండు మూడు కలిసి ఉండొచ్చు.

మా నాన్నగారు నేతపని చేసిన మనిషి, బరంపురం పట్టు. జీవితంలో సగం పైన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి ముందుకి వంగి కూర్చున్నారు, అందుకని నడుములో అరుగుదల ఈ జబ్బు రాకముందే ఉంది. దాని మీద పార్కిన్సన్స్ బిగుతు వచ్చి కూర్చుంది. పాత నడుము నొప్పి ఎక్కువ పని చేస్తే వచ్చేది, పడుకుంటే తగ్గేది. కొత్తది అలా కాదు, పడుకున్నా ఉంటుంది, పార్కిన్సన్స్ బిళ్ళ వేసుకున్న గంటకి తగ్గుతుంది, మళ్ళీ మూడు నాలుగు గంటలకి వస్తుంది. తేడా పట్టుకునేది అక్కడే.

బిగుతు ఎందుకంటే, మెదడులో డోపమైన్ తక్కువైతే కండరం వదులవ్వమన్న సంకేతం సరిగ్గా అందదు. మనం కూర్చుని టీవీ చూస్తున్నా వాళ్ళ మెడ, భుజాలు, నడుము కండరాలు పని చేస్తూనే ఉంటాయి, రోజంతా. నొప్పి రాక ఏమవుతుంది చెప్పండి. జబ్బు ముందు ఏ వైపు మొదలైందో ఆ వైపే నొప్పి ఎక్కువుండటం కూడా మామూలే. ఒక్కోసారి వణుకు రాకముందే భుజం పట్టేస్తుంది, ఫ్రోజెన్ షోల్డర్ అని చెప్పి ఏడాది పాటు దానికే ట్రీట్‌మెంట్ నడుస్తుంది, తర్వాత గానీ అసలు జబ్బు బయటపడదు. కాబట్టి ఎవరికైనా ఒక చెయ్యి నడిచేటప్పుడు ఊగడం మానేసి అదే వైపు భుజం పట్టేసి ఉంటే న్యూరాలజిస్టుకి ఒకసారి చూపించండి.

నోటుబుక్కు పెట్టండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, ఖర్చు లేని పని. ఒక నోటుబుక్కులో రోజుకో పేజీ, బిళ్ళ ఎన్నింటికి వేసుకున్నారు, అన్నం ఎన్నింటికి తిన్నారు, నొప్పి ఎన్నింటికి మొదలైంది, ఎక్కడ, పదికి ఎంత, ఎన్నింటికి తగ్గింది. వారం రోజులు రాస్తే చాలు.

లెవోడోపా, అదే సిండోపా లాంటి బిళ్ళల్లో ఉండే మందు, మామూలుగా అరగంట నుంచి గంటలో పని మొదలెడుతుంది, ఒంట్లో గంటన్నరకే సగం అయిపోతుంది. జబ్బు ముదిరేకొద్దీ ఒక బిళ్ళకీ ఇంకో బిళ్ళకీ మధ్య ఖాళీ వస్తుంది, ఆ ఖాళీనే ఆఫ్ టైమ్ అంటారు. నొప్పి ఆ ఖాళీలోనే వస్తోందని మీ పేజీలో కనపడితే, అది నొప్పి బిళ్ళతో తీరేది కాదు, పార్కిన్సన్స్ మందు టైములు గానీ డోసు గానీ సర్దితే తీరేది. ఆ పేజీ పట్టుకెళ్ళి డాక్టరు ముందు పెట్టండి. ఐదు నిమిషాల్లో ఆయనకి అర్థమైపోతుంది, మనం ఎంత నోటితో చెప్పినా అవ్వదు. నొప్పికీ బిళ్ళ టైముకీ సంబంధమే కనపడకపోతే అప్పుడు మోకాలి అరుగుదలో, నడుములో నరం నొక్కుకోవడమో, వేరే కారణం వెతకాలి.

తెల్లారుజామున పాదం వేళ్ళు కిందకి ముడుచుకుపోయి పిక్క రాయిలా అయిపోయేవాళ్ళున్నారు. అది రాత్రంతా మందు లేక వచ్చే డిస్టోనియా. అప్పుడు పిక్క గట్టిగా పిసికేసి మంచం దింపి నడిపించెయ్యకండి, పడిపోతారు. గోరువెచ్చని గుడ్డ వేసి, పాదాన్ని నెమ్మదిగా పైకి వంచి పట్టుకోండి, పొద్దున్న బిళ్ళ మంచం మీదే నీళ్ళతో ఇచ్చి అది పని చేసేదాకా ఆగండి. బిళ్ళ, నీళ్ళ బాటిల్ రాత్రే తల దగ్గర పెట్టుకోవాలి. రోజూ ఇలాగే ఉంటే రాత్రికి నెమ్మదిగా పని చేసే రకం బిళ్ళ ఇవ్వొచ్చా అని డాక్టర్ని అడగండి. ఎంతకీ తగ్గని డిస్టోనియాకి ఆ కండరంలోనే బోటాక్స్ ఇంజెక్షన్ చేసేవాళ్ళు కూడా ఉన్నారు.

బిళ్ళ పని చెయ్యకపోవడానికి తిండి కూడా ఒక కారణం. పప్పు, గుడ్డు, చేప, పాలలో ఉండే ప్రోటీన్ పేగు దగ్గర లెవోడోపాతో పోటీ పడుతుంది. మన దగ్గర పొద్దున్న బరా ఘుగుని, మధ్యాహ్నం దాల్మా, అంతా పప్పే కదా. ప్రోటీన్ మానెయ్యమని కాదు, మానేస్తే కండ కరిగిపోతుంది, బిళ్ళ తిండికి అరగంట నుంచి గంట ముందు వేసుకుంటే చాలు. ఖాళీ కడుపుకి వికారం వస్తే రెండు బిస్కెట్లో, కొంచెం పేలాలో తినొచ్చు. ఐరన్ బిళ్ళ వాడుతుంటే దానికీ దీనికీ రెండు గంటలైనా తేడా ఉండాలి.

మంచం, కుర్చీ, బాత్రూమ్

నులక మంచం మీద ఎంత అలవాటున్నా తీసెయ్యండి. నడుము దగ్గర దిగబడిపోతుంది, పక్కకి తిరగడానికి బలం దొరకదు, రాత్రంతా ఒకే భంగిమలో ఉండిపోయి పొద్దున్నకి నడుము, తుంటి పట్టేస్తాయి. గట్టి చెక్క మంచం, దూది పరుపు సరిపోతుంది. మధ్యలో నడుము నుంచి తొడల దాకా ఒక నున్నటి గుడ్డ పరవండి, పాత పట్టుచీర ముక్కైనా సరే, దాని మీద తిరగడం తేలిక. పాదాల దగ్గర మాత్రం నున్నగా ఉండకూడదు, కాలు జారితే తోసుకోలేరు. తల కింద ఒకటే దిండు, రెండు మూడు పెడితే మెడ ముందుకి వంగిపోయి అలాగే నిలబడిపోతుంది.

లేచేటప్పుడు నేరుగా తల ఎత్తి లేవనివ్వద్దు, నడుము పట్టేసేది అక్కడే. మోకాళ్ళు మడిచి, మోకాళ్ళు, భుజం కలిపి ఒకేసారి పక్కకి దొర్లి, కాళ్ళు మంచం కిందకి జార్చి, కింద చేత్తో తోసుకుని కూర్చోవాలి. కూర్చుని ఒక నిమిషం ఆగాలి. ఈ జబ్బులో లేవగానే బీపీ పడిపోతుంది చాలామందికి, నొప్పి మందులు కొన్ని బీపీని ఇంకా పడిపోయేలా చేస్తాయి.

కుర్చీ ఎత్తుగా, చేతులున్నది ఉండాలి. మెత్తటి సోఫా పనికిరాదు. పీట మీద, నేల మీద కూర్చోబెట్టడం పెళ్ళిళ్ళలో, పూజల్లో బలవంతం చేస్తారు, "ఒక్క నిమిషమేగా బావగారూ" అంటారు, మీరే అడ్డం పడి కుర్చీ వేయించండి. బాత్రూములో నేల కమోడ్ ఉంటే దాని మీద పెట్టుకునే కుర్చీ దొరుకుతుంది, పక్క గోడకి పట్టుకునే రాడ్ ఒకటి వేయించండి. మోకాలి నొప్పి, నడుము నొప్పి, పడిపోవడం, మూడూ ఈ ఒక్క ఖర్చుతో తగ్గుతాయి.

వ్యాయామం, రోజూ, బిళ్ళ పని చేస్తున్నప్పుడు

బిళ్ళ వేసుకున్న ముప్పావు గంట, గంట తర్వాత ఒళ్ళు వదులవుతుంది, అప్పుడే చేయించాలి. బిగుసుకుపోయి ఉన్నప్పుడు లాగితే నొప్పి పెరుగుతుంది, పడతారు కూడా, రేపటినుంచి ఎక్సర్‌సైజ్ అంటేనే భయపడతారు.

గోడకి వీపు ఆనించి నిలబడటం మొదటిది. మడమలు గోడకి నాలుగు వేళ్ళ దూరంలో, పిరుదులు, వీపు, భుజాలు గోడకి తాకాలి, తల తాకకపోతే బలవంతం చెయ్యకండి, గడ్డం లోపలికి లాక్కుంటే చాలు. పది ఊపిరులు లెక్కపెట్టి వదిలెయ్యండి, రోజుకి మూడుసార్లు. ముందు ఒక కుర్చీ పెట్టుకోండి పట్టుకోవడానికి. వంగిపోతున్న నడుముకి ఇది చాలా అవసరం, ఎందుకంటే ముందుకి వంగిన మనిషి తల బరువంతా నడుము వెనక కండరమే మోస్తుంది. ఇంకోటి, దిండు తీసేసి వెల్లకిలా పది పదిహేను నిమిషాలు చేతులు చాపుకుని పడుకోవడం. ఫ్యాను కింద పడుకుని రేడియో వింటూ అయినా చెయ్యొచ్చు.

కుర్చీలోంచి లేవడమే ఒక వ్యాయామం. అంచుకి జరిగి, పాదాలు మోకాళ్ళ కంటే కొంచెం వెనక్కి పెట్టి, ముక్కు కాలి వేళ్ళ మీదకి వచ్చేదాకా ముందుకి వంగి అప్పుడు లేవాలి. ఐదు నుంచి పదిసార్లు. తర్వాత కూర్చునే చేతులు ఛాతీ మీద కట్టుకుని నడుము కుడికీ ఎడమకీ తిప్పడం. ఏది చేసినా పెద్దగా చెయ్యమనండి, చెయ్యి చాపితే పూర్తిగా చాపాలి, అడుగేస్తే పెద్ద అడుగు. ఈ జబ్బులో వాళ్ళకి మామూలుగా అనిపించేది బయటికి సగమే కనపడుతుంది.

భుజానికి: కిటికీ పైన కప్పీ కట్టి తాడు వేస్తే మంచి చేత్తో పట్టేసిన చేతిని పైకి లాక్కోవచ్చు, నొప్పి మొదలయ్యేదాకా మాత్రమే. గోడ మీద వేళ్ళతో పాకించడం కూడా అంతే.

నడకకి లయ కావాలి. నాన్నగారు గుమ్మం దగ్గర ఆగిపోతారు, పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు. "నడువు నాన్నా" అంటే కదలరు. నాడె, అదే మగ్గంలో దారం మోసే చెక్క, అటూ ఇటూ వెళ్ళేటప్పుడు మగ్గం చేసే చప్పుడుంటుంది కదా, ఆ లెక్కలో నేను తొడ మీద చరుస్తాను, టక్ టక్ టక్ టక్, నాలుగో దెబ్బకి కాలు లేస్తుంది. అప్పుడు వీపు కూడా నిటారుగా అవుతుంది, నడుం పట్టుకోవడం మానేస్తారు. మీ ఇంట్లో మనిషికి ఏ లయ అలవాటో చూడండి, ఒకటీ రెండూ లెక్కైనా చాలు, బయట నుంచి వచ్చే చప్పుడుకి అడుగు పడుతుందన్నది ఫిజియోథెరపిస్టులు కూడా వాడే పద్ధతే.

గోపాల్‌పూర్ బీచ్‌లో ఇసుక మీద నడిపించండి, మోకాళ్ళకి మంచిది అని చెప్పేవాళ్ళున్నారు. బ్యాలెన్స్ సరిగ్గా లేని మనిషిని మెత్తటి ఇసుకలో నడిపించొద్దండి. పొద్దున్నే గట్టి రోడ్డు, వెనక బెల్టున్న చెప్పులు, పక్కన ఒక మనిషి, అదే మంచిది.

నొప్పి బిళ్ళల జోలికి వెళ్ళేముందు

ఇది నెమ్మదిగా చదవండి.

పారాసిటమాల్ మిగతావాటి కంటే మేలు. 650 బిళ్ళ ఆరేసి గంటల తేడాతో వేసుకోవచ్చు, రోజు మొత్తం మీద 4 గ్రాములు ఎప్పుడూ దాటకూడదు, సన్నగా ఉన్న పెద్దవాళ్ళకి, లివర్ బాగోలేనివాళ్ళకి ఇంకా తక్కువ, ఎంతన్నది డాక్టర్ని అడగండి. జలుబు బిళ్ళల్లో కూడా అదే ఉంటుంది, రెండూ కలిపెయ్యకండి.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రకాలు రోజుల తరబడి వాడితే కడుపులో పుండు, బీపీ, అన్నిటికంటే కిడ్నీ. మన వైపు ఇది మరీ మరీ చెప్పాలి. ఉద్దానం ఎంత దూరం మనకి, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, ఎన్ని ఇళ్ళల్లో కిడ్నీ పేషెంట్లున్నారో అందరికీ తెలిసిందే, అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అలాంటి చోట కిడ్నీ ఎలా ఉందో చూపే క్రియాటినిన్ రక్తం టెస్టు చేయించకుండా ఆర్ఎంపీ దగ్గర నడుముకి ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ వేయించుకోవడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. పేరు లేని పొట్లాల పొడులు కూడా అంతే, వేసుకున్న రెండో రోజుకే నొప్పులన్నీ మాయమైపోతే అందులో స్టెరాయిడ్ కలిసిందేమోనని అనుమానపడాలి.

ట్రమడాల్ ఇంకో సంగతి. అల్ట్రాసెట్ లాంటి బిళ్ళల్లో పారాసిటమాల్‌తో కలిపి ఉంటుంది. మీ మనిషి పార్కిన్సన్స్‌కి రసాజిలిన్ గానీ సెలిజిలిన్ గానీ వాడుతుంటే ట్రమడాల్ వెయ్యకూడదు, రెండూ కలిస్తే జ్వరం, వణుకు, కంగారు, గుండెదడ, ప్రాణాపాయం దాకా వెళ్ళొచ్చు. దగ్గు సిరప్పుల్లో ఉండే డెక్స్ట్రోమెథార్ఫాన్‌తో కూడా అదే భయం. అవి వాడకపోయినా ట్రమడాల్ మలబద్ధకం పెంచుతుంది, మత్తు వస్తుంది, ఈ జబ్బులో ఆ రెండూ ముందే ఉన్నాయి.

మెడ నొప్పి, తల తిరగడం అని వెళ్తే స్టుగెరాన్, స్టెమెటిల్ రాసిచ్చేవాళ్ళున్నారు, వాంతికి పెరినార్మ్ ఇంజెక్షన్ చేస్తారు. ఈ మూడూ పార్కిన్సన్స్‌ని ఎక్కువ చేస్తాయి, బిగుతు పెరిగి నొప్పి రెట్టింపవుతుంది. ఒక చిన్న అట్ట మీద "పార్కిన్సన్స్ పేషెంట్, సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరాజిన్, మెటోక్లోప్రమైడ్ ఇవ్వద్దు" అని ఒడియాలో, ఇంగ్లిష్‌లో రాయించి జేబులో పెట్టండి. నాన్నగారి చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటుంది, చొక్కా మార్చినప్పుడు అదీ మారుతుంది.

దూలగొండి గింజల పొడి వాతానికి మంచిదని తెచ్చిపెడతారు చుట్టాలు. అందులో నిజంగానే లెవోడోపా ఉంటుంది, అందుకే జాగ్రత్త, మీరు వేసే బిళ్ళకి అది అదనం అయిపోతుంది. డాక్టరుకి చెప్పకుండా వెయ్యకండి. నువ్వుల నూనె రాసి నెమ్మదిగా మర్దనా చేస్తే మంచిదే, వేడి కాపడం మంచిదే, పదిహేను నిమిషాలు, మీ చేతి మీద వేడి చూసుకున్నాకే పెట్టండి. మెడ విరిపించడం, నడుం తొక్కించడం మాత్రం వద్దు, ఎముక ఈ జబ్బులో పలచబడి ఉంటుంది.

ఎముక మాట వచ్చింది కాబట్టి, విటమిన్ డి టెస్టు, ఎముక సాంద్రత టెస్టు గురించి అడగండి. చోడి (రాగి) అంబలి, చిన్న చేపలు ముల్లుతో సహా, పొద్దున్న ఎండ, ఇవి మనకి అందుబాటులో ఉన్నవే. నీళ్ళు, పీచు బాగా ఉండాలి, మలబద్ధకం ఉంటే బిళ్ళ సరిగ్గా పట్టదు, ముక్కి ముక్కి నడుము నొప్పి కూడా పెరుగుతుంది.

వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళాల్సినవి

చిన్నగా పడినా, తుమ్మినా, బరువెత్తినా ఒక్కసారిగా నడుములో భరించలేని నొప్పి వస్తే ఎక్స్‌రే తీయించాలి, వెన్నుపూస నలిగి ఉండొచ్చు. ఒంటికి, దొడ్డికి పట్టు తప్పడం, కూర్చునే చోట తిమ్మిరి, కాలు బలం పడిపోవడం ఉంటే ఆ రోజే, ఆ గంటే వెళ్ళాలి. నొప్పితో జ్వరం, ఒక కీలు వాచి ఎర్రగా వేడిగా అవ్వడం, రాత్రిళ్ళు పెరిగే నొప్పితో బరువు తగ్గడం కూడా ఆలస్యం చెయ్యద్దు. ఎడమ చెయ్యి, భుజం నొప్పితో చెమటలు, ఆయాసం వస్తే అది పార్కిన్సన్స్ నొప్పే అనుకోకండి, గుండె చూపించండి.

ఏ కారణంగా అడ్మిట్ అయినా పార్కిన్సన్స్ బిళ్ళ ఆపనివ్వకండి. తుంటి ఆపరేషన్ అయినా సరే, మత్తు డాక్టరుకి ముందే చెప్పండి. హఠాత్తుగా ఆపేస్తే ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయి జ్వరం వచ్చి ప్రమాదం అవుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు

ఇక్కడ ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, కొందరు భువనేశ్వర్ ఎయిమ్స్‌కి, కొందరు వైజాగ్ వెళ్తారు. ఎటెళ్ళినా రైల్లోనో బస్సులోనో గంటల కొద్దీ కూర్చోవాలి. నడుము వెనక తువ్వాలు చుట్ట పెట్టండి, రైల్లో గంటకోసారి లేపి పట్టుకుని రెండడుగులు వేయించండి, బిళ్ళలు చేతి సంచిలో ఉండాలి, పైన పెట్టిన సూట్‌కేసులో కాదు, ఫోనులో అలారం పెట్టండి. ఆఫ్ టైమ్‌లో మనిషి ఎలా ఉంటారో ఫోనులో వీడియో తీసి పట్టుకెళ్ళండి, ఎందుకంటే డాక్టరు గదిలోకి వెళ్ళేసరికి బిళ్ళ పని చేస్తూ అంతా బాగానే ఉన్నట్టు కనపడుతుంది. నోటుబుక్కు, వాడే మందులన్నీ, పసరు, పొడి, నూనెలతో సహా. మాట్లాడే డాక్టరు ఒడియా ఆయనైతే, మీ పెద్దాయనకి తెలుగే వస్తే, నొప్పి ఎక్కడో బొమ్మ మీద గీసి చూపించండి, మనిషి బొమ్మ ఒకటి వేసి ఎర్ర పెన్నుతో గుర్తులు పెడితే భాషతో పని లేదు.

అక్టోబరు వస్తోందంటే రెండు వారాల బిళ్ళలు అదనంగా కొనిపెట్టుకోండి. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ కూడా ఈ పక్కనే, రెండూ అక్టోబరులోనే. కరెంటు, రోడ్లు, షాపులు అన్నీ ఆగిపోతాయి అప్పుడు, రెండు పూటల బిళ్ళ తప్పినా ఈ మనుషులకి ఒళ్ళంతా బిగుసుకుపోయి పక్కకి తిరగలేరు. తడవకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాలో, మందుల చీటీ జిరాక్స్‌తో కలిపి పెట్టండి.

సర్టిఫికెట్ సంగతి కూడా తెలుసుకోండి, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ పేరు ఉంది, యూడీఐడీ కార్డుకి, అదే వికలాంగుల గుర్తింపు కార్డుకి, అప్లై చెయ్యొచ్చు. శాతం నిర్ణయించే రోజు నోటుబుక్కు, ఆఫ్ టైమ్ వీడియో రెండూ తీసుకెళ్ళండి.